బంధువు సంతకం

"పెన్ను నువ్వెందుకిచ్చావు?" అన్నాడు భర్త.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి కూరగాయ ముక్కలు ఉడికిన నీళ్లు వంపేస్తోంది. అత్తగారికి కిడ్నీలు పనిచేయవు. ఆవిడ తినే ముక్కల్ని ఒకసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఉడికించాలి. రెండుసార్లు ఉడికాక ముక్కలకి రంగూ రుచీ రెండూ పోతాయి. ఉప్పు మాట సరేసరి. మూడేళ్లుగా ఆ వంట వేరు, ఇంట్లో మిగిలిన ఇద్దరి వంట వేరు. భర్త ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఏ పెన్ను, ఏ కాగితం, ఎక్కడ ఎవరు సంతకం పెట్టాలి, అన్నీ మొదటినుంచీ చెప్పుకురావాలి. మూడేళ్లలో ఒక్కసారీ అడగని మనిషికి ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి అదంతా చెప్పే ఓపిక ఆమెకి లేదు. "ఇవ్వాల్సింది ఆవిడకే కాబట్టి ఇచ్చాను" అని, గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అతను ఆఫీసు పని మధ్యలో వదిలేసి వచ్చాడు. తల్లి జబ్బు పడ్డాక అలా రావడం ఇదే మొదలు. వచ్చినవాడు తల్లి గదిలోకి వెళ్లలేదు, తిన్నగా వంటింట్లోకి వచ్చాడు.

ఆ పొద్దున జరిగింది ఇది.

వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాలు, ఉదయం ఏడింటికల్లా ఆమె అత్తగారిని డయాలసిస్ చేసే చోటికి తీసుకెళ్తుంది. ఆస్పత్రి వెనకవైపు పొడుగాటి హాలు, పది మంచాలు, పది మిషన్లు. ముందు బరువు చూస్తారు, తరవాత బీపీ. ఆ తరవాత ఎడమ చేతిలో రెండు లావుపాటి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని ఒక గొట్టంలోంచి బయటికి తీసి, శుభ్రం చేసి, ఇంకో గొట్టంలోంచి లోపలికి పంపుతారు. నాలుగు గంటలు పడుతుంది. మూడో గంటలో అత్తగారికి పిక్కలు పట్టేస్తాయి. ఆవిడ అరవదు, మంచం కడ్డీ గట్టిగా పట్టుకుంటుంది. ఆమె లేచి పిక్కలు నొక్కుతుంది. అక్కడ అత్తగారు ఏడో నంబరు, ఆమె ఏడో నంబరు వాళ్లమ్మాయి. అమ్మాయిని కాదు, కోడల్నని మొదట్లో చెప్పేది. చెప్పినప్పుడల్లా సిస్టర్లు కళ్లు పెద్దవి చేసి ఆహా ఓహో అనేవారు. ఆ మెచ్చుకోళ్లు మెడకి బరువుగా అనిపించి చెప్పడం మానేసింది.

పక్క మంచం ఆరో నంబరు, లెక్కల మాస్టారు. ఆయన ఆరేళ్లుగా వస్తున్నారు. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. "ఈ మిషను లేకపోతే నేనెప్పుడో గోడ మీద ఫొటోనమ్మా" అని నవ్వుతారు. ఆయన విషయంలో అది నిజమేనని ఆమెకి తెలుసు. అత్తగారికి కూడా మొదటి రెండేళ్లూ మిషను మేలే చేసింది. మళ్లీ లేచి తిరిగింది, కుట్టు మిషను దుమ్ము దులిపింది, కూతురి వైపు మనవరాలికి రెండు గౌన్లు కుట్టింది. ఈ ఏడాదే అన్నీ తిరగబడ్డాయి. మిషను రోజు కాళ్లు పట్టేయడం, మర్నాడు మంచం మీంచి లేవలేకపోవడం, ఆ మర్నాడు మళ్లీ మిషను. ఒళ్లంతా ఒకటే దురద. "చాలమ్మాయ్" అని ఆవిడ మూడు నెలలుగా అంటోంది. భర్తకి చెబితే అమ్మకి నిరాశ పట్టుకుందన్నాడు. మానసిక వైద్యుడికి చూపించారు. ఆయన గంటసేపు మాట్లాడి, నిరాశేమీ లేదు, మనిషి శుభ్రంగా ఉంది అన్నాడు. అయితే డాక్టరు మంచివాడు కాదన్నాడు భర్త.

ప్రతిసారీ మిషను తగిలించే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మూడేళ్ల కిందట అత్తగారిని స్పృహ లేకుండా తీసుకొచ్చిన రోజున ఆ కాగితం ఆమె ముందు పెట్టారు, ఆమె చేసింది. రెండోసారీ ఆమె ముందే పెట్టారు. ఆ తరవాత అదే అలవాటైపోయింది. సిస్టరు కాగితం బిగించిన అట్ట తీసుకొస్తుంది, ఆమె చేయి చాస్తుంది, గీకేస్తుంది. పాలవాడి చీటీ మీద కూడా అంతకన్నా శ్రద్ధగా చేస్తారు సంతకం. అలా నాలుగు వందల పైచిలుకు సంతకాలు.

ఆ బుధవారం కొత్త సిస్టరు వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, ఇంకా అక్కడి అలవాట్లు ఒంటబట్టలేదు. ఆమె సంతకం పెట్టబోతుంటే, "పెద్దమ్మగారికి రాయడం రాదాండీ?" అని అడిగింది.

"ఎందుకు రాదు. వస్తుంది."

"మరి మీరెందుకు చేస్తున్నారు?"

సిస్టరు తప్పు పట్టడానికి అడగలేదు, తెలియక అడిగింది. ఆమె మొదటిసారి ఆ కాగితం చదివింది. కింద రెండు గీతలున్నాయి. మొదటి గీత కింద 'రోగి సంతకం' అని ఉంది. రెండో గీత కింద, 'రోగి సంతకం చేయలేని స్థితిలో ఉంటే, బంధువు సంతకం'. మొదటి గీత నాలుగు వందల కాగితాల మీదా ఖాళీగానే ఉండిపోయింది.

ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆమె చేసే ఉద్యోగమే అది. వినికిడి పరీక్షలు చేసే చోట ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. పెద్దవాళ్లని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమంటుంది. వాళ్ల వెంట కొడుకో కూతురో వస్తారు. ఏ చెవి ఎక్కువ ఇబ్బందిగా ఉందండీ అని పెద్దాయన్ని అడిగితే, కుడి చెవి అంటాడు కొడుకు. ఎప్పటినుంచండీ అంటే, రెండేళ్లయిందంటాడు కొడుకే. చెవి ఆయనది కదా బాబూ, ఆయన్ని చెప్పనివ్వు అని ఆమె నవ్వుతూనే ఆ కొడుకుల్ని బయటికి పంపేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆమె నేర్పే మొదటి పాఠం, పక్కనున్న వాళ్లని కాదు, ఎదురుగా ఉన్న మనిషిని అడుగు అని. అలా ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లే ఇప్పుడు ఆమె మీద అధికారి. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం వచ్చే మనిషికి ఆ కుర్చీ ఇవ్వరు కదా. "మీకు ఇంట్లో బాధ్యతలుంటాయి, పాపం మీ మీద ఇంకా బరువు పెట్టడం ఎందుకని" అన్నాడు మేనేజరు, ఏదో ఉపకారం చేసినట్టు. ఆమె థాంక్స్ కూడా చెప్పి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊరందరికీ ఆ పాఠం చెప్పే మనిషి ఇక్కడ మూడేళ్లుగా చేసిన పని ఇది. ఆమె ఇంకేమీ ఆలోచించకుండా అట్టా పెన్నూ తీసుకెళ్లి అత్తగారి ఒడిలో పెట్టింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, కాగితం పైనుంచి కిందదాకా చదివింది. బట్ట కత్తిరించే ముందు కొలతలు చూసుకున్నంత నిదానంగా చదివింది. "ఇది చేస్తే ఏమిటి?" అంది.

"మిషను పెట్టించుకోవడం మీకు సమ్మతమేనని."

"సమ్మతం కాకపోతే?"

ఆమె సిస్టరు వైపు చూసింది. సిస్టరు ఆమె వైపు చూసింది. అత్తగారు ఇద్దర్నీ చూసి, పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచింది. "అయితే వద్దమ్మాయ్. ఇంటికి పోదాం పద" అంది, బజారులో ఏదో బేరం కుదరనట్టు, మామూలుగా.

తరవాత డాక్టరు వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు, తొందర లేనట్టు. మిషను ఆపేస్తే ఏమవుతుందో ఏదీ దాచకుండా చెప్పాడు. వారం, మహా అయితే రెండు. నిద్ర ఎక్కువవుతుంది, ఆయాసం రావచ్చు, ఇబ్బంది లేకుండా మందులిచ్చి ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. అత్తగారు అన్నిటికీ తలూపింది. రేపు ఇంట్లోవాళ్లందరితో కలిసి ఒకసారి రండి, ఒక్కరోజుకి ప్రమాదం లేదు, అప్పుడూ ఇదే మాట మీద ఉంటే అలాగే చేద్దాం అన్నాడు.

ఇదంతా ఆమె భర్తకి ఫోన్లో నాలుగు ముక్కల్లో చెప్పింది. అతనికి అందులో ఒక్క ముక్కే వినబడింది. పెన్ను.

సాయంత్రానికల్లా ఆడపడుచు దిగింది. భర్తకి స్వయానా అక్క. ఏ బళ్లోనూ పనిచేయదు గానీ అత్తగారు కన్నకూతురికి చాటుగా పెట్టుకున్న పేరు హెడ్మాస్టరు. ఆవిడ మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకి చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. తల్లి దగ్గర కూర్చుని పది నిమిషాలు కన్నీళ్లు పెట్టుకుని, కళ్లు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. వద్దంటే మానేస్తామా, చిన్నపిల్లలు మందు వద్దంటే మింగించమా అంది. పక్కింటాయన తల్లిని నలభై రోజులు గొట్టాల మీద ఉంచాడు, ఆఖరిదాకా చేయించాడన్న తృప్తి ఆయనకి మిగిలింది అంది. ఆ నలభై రోజులూ ఆ తల్లికి ఏం మిగిలిందో ఎవరూ అనుకోలేదు. రేపు చుట్టాలకి ఏం చెప్పాలి అంది. ఆ ప్రశ్న దగ్గర భర్త తల పట్టుకున్నాడు.

అతని బాధ వేరు. మూడేళ్ల కిందట ఆస్పత్రి వరండాలో, చుట్టాలందరి ముందూ, నేను బతికుండగా మా అమ్మని పోనివ్వను అన్నాడు. అప్పుడు అందరికీ కళ్లు చెమర్చాయి. కొడుకంటే అలా ఉండాలన్నారు. ఎదురింటావిడ ఆమె చెయ్యి పట్టుకుని, అదృష్టవంతురాలివి, తల్లిని అంత ప్రేమించేవాడు భార్యని ఇంకెంత బాగా చూసుకుంటాడో అంది. ఆ మాటన్నది అతను. దాన్ని నిలబెట్టింది ఆమె, వారానికి మూడుసార్లు, పొద్దున ఏడింటికి. అతను డయాలసిస్ హాలుకి ఇన్నేళ్లలో రెండుసార్లు వచ్చాడు. రెండోసారి గుమ్మం దాకానే.

"అమ్మ మనసు మారుతుందిలే, నువ్వు కాస్త నచ్చజెప్పు" అన్నాడు ఇప్పుడు.

హెడ్మాస్టరు తమ్ముణ్ణి ఆపి, గొంతు మెత్తగా చేసుకుని అంది. "చూడమ్మా, నీకు విసుగొచ్చింది. రాదా మరి, మూడేళ్లు. దానికి నిన్నెవరూ తప్పు పట్టరు. ఆ ముక్క చెప్తే మేం మనిషిని పెట్టుకుంటాం. అంతేగానీ అమ్మ నోట ఇలా చెప్పించకూడదు."

చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె నోరు మెదపలేదు. మెదపలేకపోవడానికి కారణం కోపం కాదు. పొద్దున అత్తగారు పెన్నుకి మూత పెట్టిన క్షణంలో, దుఃఖం కంటే ముందు, భయం కంటే ముందు, ఆమె మనసులోకి వచ్చిన ఆలోచన ఒకటుంది. ఎల్లుండి శుక్రవారం పొద్దున నాకు ఖాళీ. అంతే. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, వచ్చి కూర్చుంది. అప్పటినుంచీ ఆమెకి కాలు నిలవడం లేదు. ఆరిన బట్టలు మడత పెట్టింది, మళ్లీ విప్పి మడత పెట్టింది. పొయ్యి కడిగింది, కడిగిన పొయ్యి మళ్లీ కడిగింది. నేను పెన్ను ఇచ్చింది ఆవిడ మాట వినడానికా, నా శుక్రవారం కోసమా? ఆవిడ చాలమ్మాయ్ అన్న మూడు నెలల్లోనూ నాలో ఎక్కడో ఒక మూల ఆ మాటని నీళ్లు పోసి పెంచానా? ఆవిడ నా కన్నతల్లి అయితే ఇంత చటుక్కున పెన్ను ఇచ్చేదాన్నా? కన్నతల్లి దగ్గర ఆమెకి ఆ పరీక్షే రాలేదు. తల్లి పోయేముందు నాలుగు రోజులు మంచాన ఉంది. వెళ్తానంటే, అక్కడ మీ అన్నయ్య భార్య ఉందిగా, ఇక్కడ బుధవారం ఎవరు తీసుకెళ్తారు అన్నాడు భర్త. బుధవారం మిషను అయ్యాక బయల్దేరింది. వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ కోపం ఇంకా లోపలే ఉంది కదా, అదేమైనా చేయించిందా ఈ పని? ఎంత తవ్వినా కింద ఏమీ తగల్లేదు, మట్టే వస్తోంది.

ఆ సాయంత్రమే ఆమె అత్తగారి గదిలోకి వెళ్లింది, దురదకి మందు రాయడానికి. హాల్లో అక్కా తమ్ముడూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చుని, ఆవిడ కాళ్లు ఒళ్లోకి తీసుకుంది. పిక్కలు ఇంత సన్నబడిపోయాయి. ఒకప్పుడు ఆ కాళ్లు, పిల్లలకి కుట్టు నేర్పుతూ, రోజంతా కుట్టు మిషను తొక్కేవి. అత్తగారు మంచి మనిషని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పెళ్లైన కొత్తలో ఆమె కుట్టుకున్న జాకెట్టు విప్పదీసి, అందరి ముందూ పైకెత్తి, ఇది కుట్టా గాయానికి వేసిన కట్టా అని అడిగిన మనిషి. కానీ మూడేళ్లుగా ఒకళ్ల ఒళ్లు ఒకళ్లకి తెలుసు. ఏ వేలు నొక్కితే ఏ నరం సర్దుకుంటుందో తెలుసు. దాన్ని ప్రేమ అనాలో ఇంకేమనాలో ఆమెకి తెలియదు.

"అత్తయ్యా, ఒకటి చెప్తాను, తిట్టుకోకండి" అంది. చెప్పింది. పెన్ను మూత సంగతి, శుక్రవారం సంగతి.

అత్తగారు పొట్ట కదిలేలా నవ్వింది. "మా అత్త పోయినప్పుడు ఇంటినిండా ఏడుస్తున్నారు. నేను వెనక గదిలోకి పోయి కాళ్లు చాపుకుని పడుకున్నాను. తొమ్మిదేళ్లు ఆవిడకి చేశాక మొదటిసారి, ఎవరూ పిలవరని తెలిసి. ఎంత హాయిగా ఉందో. ఆ తరవాత నలభై ఏళ్లు అది పాపమని లోపల్లోపల చచ్చాను. నువ్వు నయం, మనిషి ఉండగానే చెప్పావు."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అత్తగారు ఆ ఏడుపుని చెయ్యి విసిరి తోసేసింది.

"నీ కోసం చస్తున్నాననుకోకు. అంత మంచిదాన్ని కాను నేను. నాకు ఒళ్లు అలిసిపోయింది. నువ్వు ఇంకో పదేళ్లు చేస్తానన్నా నాకొద్దు. నీ విసుగు నీది, నా అలుపు నాది. ఇంతకీ నీళ్లు ఉన్నాయా?"

అత్తగారికి రోజుకి ముప్పావు లీటరు నీళ్లే. పొద్దున్నే ఆమె గీతలు గీసిన సీసాలో పోసి పెడుతుంది. ఆ సీసా నాలుగింటికే అయిపోయింది. ఆమె వెళ్లి గ్లాసులో సగం పట్టుకొచ్చింది. అత్తగారు గ్లాసులోకి చూసి, ఆమె మొహంలోకి చూసింది. ఆమె వెనక్కి వెళ్లి నిండా పోసుకొచ్చింది. అత్తగారు తొందరపడకుండా, గుక్క గుక్కకీ ఆగి, మొత్తం తాగింది.

మర్నాడు డాక్టరు గదిలో నాలుగు కుర్చీలే ఉన్నాయి. డాక్టరు, అత్తగారు, భర్త, ఆడపడుచు కూర్చున్నారు. ఆమె అత్తగారి కుర్చీ వెనక నిలబడింది. డాక్టరు ముందు అత్తగారి మతి ఎలా ఉందో చూడాలి కాబట్టి కొన్ని ప్రశ్నలు అడిగాడు. ఇవాళ ఏ వారం అంటే, గురువారం, మిషను లేని వారం అంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమంటే, అంగుళాలా సెంటీమీటర్లా అని అడిగి, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ ఆపకుండా చెప్పుకుపోయింది. చాలు చాలన్నాడు డాక్టరు నవ్వుతూ. ఆ నవ్వు హెడ్మాస్టరుకి నచ్చలేదు.

భర్త గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నామని, డయాలసిస్ కొనసాగించడానికే నిర్ణయించామని చెప్పాడు. కొడుకుగా ఆ కాగితం మీద తనే సంతకం చేస్తానన్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చేయలేని స్థితిలో ఉంటేనే మీ సంతకం పనికొస్తుంది, ఆవిడ మీకంటే చురుగ్గా ఉన్నారు అన్నాడు. ఇన్నాళ్లూ మా మరదలు చేసిందిగా, అప్పుడు పనికొచ్చిందిగా అంది ఆడపడుచు. అది మా పొరపాటే, జరగకూడనిది జరిగింది అన్నాడు డాక్టరు కాస్త తగ్గి. ఆమె అత్తగారి కుర్చీ వీపు పట్టుకుని, నాది కూడా అనుకుంది.

అప్పుడు భర్త వెనక్కి తిరిగాడు. ఆ గదిలోకి వచ్చాక అతను ఆమె వైపు చూడడం అదే మొదలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే నిద్రపోలేదు. "నువ్వు చెప్పు. నువ్వు చెబితే అమ్మ వింటుంది. ఒక్కమాట చెప్పు" అన్నాడు.

పంతొమ్మిదేళ్ల కాపురంలో అతను ఆమెని అలా బతిమాలింది లేదు. ఆమె చెబితే అత్తగారు వింటుందన్నది నిజమే. ఇంకో మూడు నెలలు ఓపిక పట్టండి అత్తయ్యా, నా కోసం, అంటే చాలు. ఆవిడ తిట్టుకుంటూ ఒప్పుకుంటుంది. ఇంటికి శాంతి, భర్త మాట దక్కుతుంది, కోడలు చంపేసిందన్న మాట ఆమె మీదికి రాదు. అత్తగారికి మాత్రం వారానికి మూడుసార్లు కడ్డీ పట్టుకోవడం మిగులుతుంది. గదిలో అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. అత్తగారు మాత్రం వెనక్కి తిరగలేదు, ఒళ్లో చేతులు పెట్టుకుని డాక్టరు బల్ల వైపే చూస్తూ కూర్చుంది.

"నేను చెబితే వింటారు. అందుకే చెప్పను" అంది ఆమె.

భర్తకి అర్థం కాలేదు. ఆడపడుచుకి అర్థమైంది, మొహం గట్టిపడింది. "అంటే విసుగొచ్చిందన్నమాట" అంది.

"వచ్చింది వదినా. నిన్న మీరన్నప్పుడు సిగ్గుపడి ఊరుకున్నాను. మూడేళ్ల నుంచీ విసుగ్గానే ఉంది. మొదటి వారంలోనే వచ్చింది. వచ్చినా తీసుకెళ్లాను. నా విసుగు పోగొట్టడానికి ఆవిడ మానడం లేదు, నా విసుగు ఉందని ఆవిడ మాట అబద్ధమైపోదు. నన్ను ఏమైనా అనుకోండి. అడగాల్సింది మాత్రం ఆవిడని."

తరవాత తనే అడిగింది. అద్దాల గదిలో అడిగినట్టే, ముందుకు వచ్చి, ఎదురుగా వంగి, మొహంలోకి చూస్తూ అడిగింది. "అత్తయ్యా, మీకేం కావాలి?"

"మానేస్తాను" అంది అత్తగారు. కొడుకు వైపు తిరిగి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు అతని నుదుటి మీద చెయ్యి వేసింది. "నువ్వు బాగా చేయించావు నాన్నా. ఇంక చాలు."

అతను తల్లి చేతి కింద తల వంచుకుని ఏడ్చాడు. ఆడపడుచు కూడా ఏడ్చింది, ఈసారి ఎవరికీ చూపించడానికి కాదు. డాక్టరు కొత్త కాగితం తీశాడు. అత్తగారు మొదటి గీత మీద, కుట్టు నేర్చుకునే పిల్లల పుస్తకాల్లో పెట్టే సంతకమే పెట్టింది, వంకర లేకుండా. ఇంటికి వచ్చే నర్సు గురించి, మందుల గురించి డాక్టరు చెబుతుంటే ఆమె అలవాటు కొద్దీ బుర్రలో రాసుకుంటూ పోయింది. ఆడపడుచు తల్లిని చక్రాల కుర్చీలో లిఫ్టు దాకా తీసుకెళ్లింది.

వరండాలో భార్యాభర్తలిద్దరే మిగిలారు. అతను జేబురుమాలుతో మొహం తుడుచుకుని, ఫోను తీసి, చుట్టాలకి ఏమని పెట్టాలా అని కాసేపు చూసి, పెట్టకుండానే లోపల పెట్టేశాడు. "సరే, ఇంకెన్నో రోజులు కాదుగా. నువ్వు సెలవు పెట్టెయ్. నువ్వు పక్కనుంటే అమ్మకి ధైర్యం" అన్నాడు. మంచిగానే అన్నాడు, కృతజ్ఞతతో అన్నాడు.

ఆమె నడవబోతున్నది ఆగింది. అతని మొహంలోకి చూసింది. అందులో చెడ్డతనం ఏమీ లేదు, అదే ఆమెకి ఎక్కువ బాధేసింది. "సెలవు మీరు పెట్టండి" అంది.

"నేనా?"

"మీ అమ్మే కదా."

అతను గోడకి ఆనుకున్నాడు. చిన్న గొంతుతో, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది చెప్పాడు. "నావల్ల కాదు. నాకు భయం. రెండోసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డాను, సూది గుచ్చుతున్నారు, అమ్మ మొహం చూశాను. అంతే, ఇంక లోపలికి రాలేకపోయాను. అందుకే రాలేదు. నాకు పనుందని కాదు, నీ మీద పడేద్దామని కాదు. నేను చూడలేను."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. మామూలుగా అయితే ఇక్కడే సరేలెండి అనేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"నేనూ చూడలేకపోయేదాన్నండీ" అంది. "చూడలేకుండానే మూడేళ్లు చూశాను. ఇప్పుడు మీరు చూడండి."